మొక్క నాటి ఫొటో దిగాను. మా గుట్టను తవ్వించిన కాగితం మీద కూడా నా సంతకమే ఉంది



పోస్టు పొడుగైంది. ఓపిక ఉన్నప్పుడే చదవండి. సగం చదివి కామెంట్ మాత్రం పెట్టకండి, ఎందుకంటే మొదటి సగంలో వేరేవాళ్ళని తిడతాను, రెండో సగంలో మనల్ని మనం తిట్టుకోవాల్సి ఉంది.

జూన్ 5న మా కాలేజీలో పర్యావరణ దినోత్సవం చేశారు. వ్యాసరచన టాపిక్ "మనుషుల వల్ల ఆవాసాల విధ్వంసం, వ్యక్తిగా నా బాధ్యత". ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన అరగంట మాట్లాడారు. మనిషి స్వార్థం పెరిగిపోయిందన్నారు. జనాభా వల్ల, పోడు వల్ల అడవి తరిగిపోతోందన్నారు. పోడు అన్నప్పుడు మా హాస్టల్ పిల్లలు కూర్చున్న వరసల వైపు చూశారు. మేమెవరో ఆయనకి ఎవరూ చెప్పలేదు, అయినా ఎలా తెలిసిందో మరి. ఆఖర్న అందరికీ నల్ల కవర్లో ఉన్న మొక్క ఒక్కోటి ఇచ్చి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో తీశారు. నేను కూడా నాటాను. నీళ్ళు పోసే దిక్కు లేక పదిహేను రోజులకి ఎండిపోయింది.

ఆ రాత్రి మా ఫొటో ఈ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద ఒక సీనియర్ అన్న ఇలా రాశాడు: "ముందు జీవో 3 సంగతి చూడండి, డీఎస్సీ సంగతి చూడండి. పర్యావరణం అనేది సిటీ వాళ్ళ టైంపాస్." చాలామంది లైకులు కొట్టారు. నిజం చెప్పాలంటే నేను కూడా కొట్టాను.

తర్వాత ఆ లైకు తీసేశాను. ఆ అతిథి గారికి, ఈ అన్నకి ఇద్దరికీ కలిపి జవాబు రాస్తున్నా. ఇద్దరూ వేరు వేరు మాటలు చెప్పినట్టు ఉంటుంది కానీ ఇద్దరూ ఒకటే అన్నారు. అడవి పోవడానికీ మన చేతిలో ఉన్న కాగితానికీ సంబంధం లేదని ఇద్దరూ అనుకుంటున్నారు. ఉంది. చెట్టు మీద గొడ్డలి పడేది ఆఖర్న. అంతకన్నా చాలా ముందు కాగితం మీద సంతకం పడుతుంది.

"మనుషులు" అంటే ఎవరు సార్?

"మనుషులు అడవిని నాశనం చేస్తున్నారు" అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. అందరం తప్పు చేశాం, అందరం దిద్దుకుందాం అన్నట్టు ఉంటుంది. కానీ అందరి మీదా వేసిన తప్పు ఎవరి మీదా వేయనట్టే.

మాది శబరి ఒడ్డు. పోలవరం 45.72 మీటర్ల మట్టానికి నిండితే మునిగే ఊళ్ళ లిస్టులో మా ఊరు ఉంది. ఆ ప్రాజెక్టు కింద మునిగే ఆవాసాలు 276 అని చెప్తారు, అందులో ఎక్కువ మనవాళ్ళవే. 3,700 హెక్టార్లకు పైగా అటవీ భూమి దానికి మళ్ళించారు. పక్కనే పాపికొండలు. 2008లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా జాతీయ పార్కుగా ప్రకటించారు, అడవి దున్న, పులి ఉన్న చోటని. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల్ని ఆంధ్రలో కలిపారు, ప్రాజెక్టు కోసమే. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇందులో "మనుషుల స్వార్థం" ఎక్కడుంది? మా తాత స్వార్థమా? ఆయన పోడు కొట్టింది మూడెకరాలు.

ప్రాజెక్టు వద్దా, డెల్టాకి నీళ్ళు వద్దా అని అడిగేవాళ్ళు ఉంటారు. నేను చెప్పేది అది కాదు. నిర్ణయం ఎవరు తీసుకున్నారో వాళ్ళ పేరు చెప్పకుండా "మనిషి" అని రాస్తే, ఆ వ్యాసంలో లక్ష్మయ్య గొడ్డలి, లక్షల ఎకరాల ఫైలు ఒకటే అయిపోతాయి. అట్లా రాసిన వ్యాసానికే ఫస్ట్ ప్రైజు వచ్చింది.

ఇంకో సంగతి. దేశంలో అటవీ విస్తీర్ణం లెక్కించే సర్వే సంస్థ లెక్కలో, ఒక హెక్టారుకు మించిన ఏ భూమిలోనైనా పైనుంచి చూస్తే చెట్ల నీడ పది శాతం ఉంటే చాలు, అది "అటవీ విస్తీర్ణం". ఏ చెట్టు, ఎవరి భూమి అన్నది లెక్కలోకి రాదు. అంటే భద్రాచలం చుట్టూ పేపర్ గుజ్జు కోసం వేసిన జామాయిల్ తోట, మారేడుమిల్లి అడవి రెండూ ఆ పట్టికలో పక్కపక్కనే కూర్చుంటాయి. జామాయిల్ తోటలోకి ఎప్పుడైనా వెళ్ళారా? పిట్ట అరుపు ఉండదు. కింద గడ్డి సరిగా ఉండదు. ఒక్క దుంప దొరకదు, ఒక్క పుట్టగొడుగు దొరకదు. అక్కడ మా అమ్మకి పనే లేదు. అమ్మకి పని లేని అడవి అడవి కాదని నా లెక్క.

మా గుట్ట మీద ఒక ముసలి తాని చెట్టు ఉండేది. దానికి పైన పెద్ద తొర్ర. ఆ తొర్రలో ప్రతి ఎండాకాలం హార్న్‌బిల్ పిట్ట గూడు పెట్టేది, ముక్కు మీద కొమ్ములాగ ఉంటుందే, అది. ఆడపిట్ట లోపలికి వెళ్ళి కూర్చుని, మన్నుతో, రెట్టతో తొర్ర వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లలు పెరిగేదాకా వారాల తరబడి మగపిట్టే మేడిపళ్ళు, జువ్విపళ్ళు, మర్రిపళ్ళు తెచ్చి ఆ సందులోంచి నోటికి అందించాలి. మగపిట్ట రాకపోతే లోపల అందరికీ ఆకలే. మా తాత మాకు చిన్నప్పుడు ఆ చెట్టు కింద గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు, "బాలింత ఉంది" అనేవాడు.

ఆ పిట్టకి కావాల్సింది మొక్క కాదు. తొర్ర పడేంత ముసలి చెట్టు, దాని చుట్టూ ఏడాది పొడుగునా ఏదో ఒకటి కాసే మేడి, జువ్వి, మర్రి. ఒక చెట్టుకి అట్లాంటి తొర్ర పడాలంటే మనిషి జీవితం సరిపోదు. జూన్ 5న నాటిన మొక్క బతికినా, ఆ పిట్టకి ఇల్లు అయ్యేసరికి మన మనవళ్ళ కాలం. కాబట్టి ఆవాసం అంటే నాటేది కాదు, ముందు నిలబెట్టుకునేది. ఉన్నది పోకుండా చూడకుండా కొత్తది నాటమనేవాడు, ఇంటికి నిప్పంటుకుంటే తలుపుకి రంగు వేయమన్నట్టే.

ఇప్పుడు నా సంగతి

ఆ తాని చెట్టు ఇప్పుడు లేదు. దాన్ని కొట్టించిన వాళ్ళలో నేను ఒకదాన్ని.

రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయాను. అప్పటికి నాకు పద్దెనిమిది నిండి మూడు నెలలు. మా ఊర్లో ఇంటర్ పాసైన మొదటి ఆడపిల్లని నేనే. ఒకరోజు పొద్దున మనవాడే ఒకాయన, మండలంలో తిరిగే మనిషి, ఇంకో ఇద్దరితో బండి మీద వచ్చాడు. చేతిలో రిజిస్టరు. "మీ ఊరికి రోడ్డు పడతది. గుట్ట దగ్గర కొద్దిగా కంకర తీయాలి. గ్రామసభ తీర్మానం కావాలి" అన్నాడు. రోడ్డు అంటే మా ఊర్లో ఎవరు కాదంటారు? మా పిన్నిని పురుడుకి డోలీలో మోసుకుపోయిన ఊరు మాది.

పేజీ పైన సగం ఖాళీగా ఉంది. కింద గళ్ళు. ఆయన నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నువ్వు ముందు పెడితే ఆడవాళ్ళంతా పెడతారు" అన్నాడు. ఊరంతా చూస్తున్నారు. నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. పైన ఏం రాస్తారని అడగలేదు. ఇంగ్లీషులో సంతకం పెట్టాను, మెలి తిప్పి, కింద గీత గీసి. నా తర్వాత మా అమ్మతో సహా పదకొండు మంది ఆడవాళ్ళు వేలిముద్ర వేశారు. "మా పిల్ల చూసింది కదా" అన్నది అమ్మ.

ఆ ఎండాకాలమే గుట్టకి మిషన్లు వచ్చాయి. తర్వాత పేలుళ్ళు. తాని చెట్టు మొదటి వారంలోనే పోయింది. అది గూడు పెట్టే కాలమే. తొర్ర లోపల ఏమైనా ఉందో లేదో నాకు తెలీదు, అడిగే ధైర్యం కూడా లేకపోయింది. గుట్ట కింద ఊట ఒకటి ఉండేది, మే నెలలో కూడా చెలమ తీస్తే నీళ్ళు వచ్చేవి. మొన్నటి మేలో రాలేదు. అమ్మ వాళ్ళు వాగు దాకా పోతున్నారు. కంకర లారీలు ఎటో పోతున్నాయి. మా ఊరి రోడ్డు మాత్రం ఇంకా పడలేదు.

ఈ ఫిబ్రవరిలో హాస్టల్ నుంచే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను, ఆ తీర్మానం కాపీ కావాలని. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వలేదు. అప్పీలు రాస్తే అప్పుడిచ్చారు. రెండు పేజీలు. నేను సంతకం పెట్టినప్పుడు ఖాళీగా ఉన్న సగంలో ఇప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలు ఉన్నాయి. గ్రామసభ జరిగిందట, కోరం ఉందట, క్వారీకి "ఎవరికీ అభ్యంతరం లేదు" అట. రోడ్డు అన్న మాట ఎక్కడా లేదు. లీజు మనవాడి పేరు మీదే ఉంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు మైనింగ్‌కి లీజు ఇవ్వకూడదని తీర్పు ఇచ్చింది కదా. అందుకే కాగితం మీద మనవాడి పేరు ఉంటుంది, లారీల మీద ఎవరి పేరో ఉంటుంది.

పెసా చట్టం 1996లో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో కంకర, రాయి లాంటి చిన్న ఖనిజాల లీజుకి ముందుగా గ్రామసభ గానీ తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫారసు చేయడం తప్పనిసరి అని అందులో ఉంది. అంటే వాళ్ళకి మా ఊరు కావాలి. మా ఊరి ఒప్పుదల లేకపోతే ఆ కాగితం నడవదు. అంత బలం మా చేతిలో ఉన్నదని నాకు తెలీదు. నేను ఆ బలాన్ని మెలి తిప్పి, కింద గీత గీసి ఇచ్చేశాను.

కాబట్టి "వ్యక్తిగా నా బాధ్యత" అంటే ఏంటో ఇప్పుడు నాకు బాగానే తెలుసు. ఆ పొద్దున ఒక్క ప్రశ్న: "పైన ఏం రాస్తారు?" దానికి డబ్బు అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు.

సీనియర్ అన్నకి

అన్నా, నీ కోపం నాకు తెలుసు. 2020 ఏప్రిల్‌లో జీవో 3 కొట్టేసిన రోజు అన్నం తినని వాళ్ళున్నారు. నేను కూడా డీఎస్సీకే చదువుతున్నా. కానీ ఒక్కటి ఆలోచించు. జీవో 3 అడిగేది ఏ ధైర్యంతో? ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, ఇక్కడ మేం ఉన్నాం అనే కదా. 1/70 అడిగేది ఏ ధైర్యంతో? అదే. ఆ నేలే పోతే, మనల్ని తీసుకెళ్ళి షెడ్యూల్డ్ ప్రాంతం బయట కాలనీలో పెడితే, అక్కడ 1/70 వర్తించదు. ఉద్యోగం వేరు, అడవి వేరు కాదు. రెండూ ఒకే నేల మీద నిలబడ్డాయి.

పైగా పర్యావరణం సిటీ వాళ్ళది అని ఎవరు చెప్పారు? 2006 అటవీ హక్కుల చట్టం చూడు. మనవాళ్ళందరికీ అది "పోడు పట్టాల చట్టం"గానే తెలుసు. మూడో సెక్షన్లో ఆదిమ గిరిజన తెగలకు వాళ్ళ "ఆవాసం" మీద హక్కు ఉందని రాసి ఉంది. మన దగ్గర కొండరెడ్లు, చెంచులు, కొలాములు లాంటి వాళ్ళకి అది. అయిదో సెక్షన్లో హక్కుదారులకి, గ్రామసభకి అధికారం ఇచ్చారు. వన్యప్రాణుల్ని, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడొచ్చు, ఊటల్ని, వాగుల్ని కాపాడొచ్చు, మన ఆవాసానికి నాశనం తెచ్చే ఏ పనినైనా అడ్డుకోవచ్చు. ఆవాసం అన్న మాట పిట్టకి, పులికి మాత్రమే అని ఆ అతిథి గారు అనుకున్నారు. చట్టం అట్లా అనుకోలేదు. మా తాత కూడా అట్లా అనుకోలేదు. అందుకే "బాలింత ఉంది" అన్నాడు.

కాగితం మనవైపు ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. మన తూర్పు కనుమల్లోనే, ఒడిశాలో నియమగిరి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది. ఆ జూలై, ఆగస్టుల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఒక్కటి కూడా జారిపోలేదు. మన చింతపల్లి వైపు 2015 నవంబర్‌లో జీవో 97 ఇచ్చి 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్‌కి ఇస్తే ఏజెన్సీ అంతా లేచింది. 2019లో దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. అదే ఏడాది నల్లమలలో యురేనియం వద్దని అమ్రాబాద్ చెంచులు మొదలుపెడితే తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసేదాకా పోయింది. ఇవి సిటీ వాళ్ళ టైంపాస్ కాదు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం యూనివర్సిటీ పిల్లలు దెబ్బలు తిన్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. వాళ్ళని చూసి చప్పట్లు కొట్టాం. మన గుట్ట దగ్గర మాత్రం సంతకాలు పెడుతున్నాం.

"అభివృద్ధికి అడవి అడ్డం" అనే అబద్ధం

ఇది కూడా చెప్పేస్తా, కామెంట్లలో ఎలాగూ వస్తుంది. "అన్నిటికీ అడ్డం పడితే రోడ్డు ఎలా వస్తది, కరెంటు ఎలా వస్తది?"

అదే చట్టం మూడో సెక్షన్ రెండో భాగం తీసి చదవండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, కరెంటు లైన్లు, మంచినీళ్ళు, రోడ్డు ఇలా పదమూడు రకాల సౌకర్యాలకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అంతే. అంటే మా పిన్ని డోలీలో పోవాల్సిన అవసరం అడవి వల్ల రాలేదు. రోడ్డు వేయడానికి చట్టంలో దారి ఉంది, ఆ దారిలో నడిచేవాడు లేడు. కంకర లారీకి గుట్ట దాకా రెండు వారాల్లో దారి పడింది. అప్పుడు ఎవరికీ ఏ అడవీ అడ్డం రాలేదు.

మన తప్పులు మనం చెప్పుకుందాం

ఇక్కడి నుంచి కొందరికి కోపం రావచ్చు.

ఒకటి, పోడు. ఆ అతిథి గారు అన్నది మొత్తం తప్పని నేను అనను. మా తాత కాలంలో ఒక చెలక రెండు మూడేళ్ళు కొట్టి, ఏళ్ళ తరబడి వదిలేసేవాళ్ళు, అడవి మళ్ళీ లేచేది. ఇప్పుడు వదలడానికి చోటు లేదు. లేచేలోపే మళ్ళీ కొడుతున్నాం. చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు. ఆ తర్వాత కొట్టినదానికి పట్టా ఇప్పిస్తామని ఎలక్షన్ ముందు చెప్పే ఏ నాయకుడైనా మనల్ని మోసం చేస్తున్నాడు. ఆ మాట నమ్మి కొట్టిన చెట్టు తిరిగి రాదు, కేసు మాత్రం వస్తుంది. పట్టా వచ్చిన భూమిలో జామాయిల్ వేసి లీజుకిస్తున్న వాళ్ళ సంగతి కూడా మాట్లాడుకోవాలి.

రెండు, మంటలు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తాం. తునికాకు చిగుళ్ళు బాగా రావాలని కాలుస్తాం. మా నాన్న కూడా కాలుస్తాడు. సాయంత్రం గాలి లేస్తే అది గుట్ట ఎక్కుతుంది. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, కుందేళ్ళు, తాబేళ్ళు, ఇప్ప మొలకలు అన్నీ అందులోనే. కాల్చకుండా చీపురుతో ఊడ్చి, పాత చీరలో వలలో కింద పరిచి ఏరొచ్చు. మా అమ్మ పోయినేడాది నుంచి అట్లా చేస్తోంది. పువ్వుకి మన్ను, బూడిద అంటదు, బాగుంటుంది.

మూడు, తపసి బంక కోసం గొడ్డలితో లోతుగా నరకడం. గాయం లోతైతే చెట్టు చస్తుంది. చిన్న కత్తితో పైపైన గీస్తే బంకా వస్తుంది, చెట్టూ బతుకుతుంది. నరమామిడి చెక్క కూడా అంతే, చుట్టూరా ఒలిస్తే ఆ చెట్టుకి అదే ఆఖరి ఏడాది. అగరబత్తీల కోసం ఒలిచి ఒలిచి చాలా గుట్టల మీద నరమామిడి కనపడకుండా చేసుకున్నాం.

నాలుగు, అడవి పందికని పెట్టే కరెంటు తీగలు. పంది ఒక్కటే రాదు ఆ దారిలో. పులి వస్తుంది, చీకట్లో మన మనిషి కూడా వస్తాడు.

ఇవన్నీ మన పెద్దలకి తెలియనివి కావు. మామిడికాయ కొత్త పండుగ కాకుండా ఎందుకు కాయ తెంపనివ్వరు? టెంక ముదిరేదాకా ఆగాలని. వేలుపు గుట్ట మీద ఎందుకు కొట్టనివ్వరు? అది కూడా చట్టమే, రాసి లేదంతే. రాసిన చట్టమూ చదవక, రాయని చట్టమూ మరిచిపోయి మధ్యలో నిలబడ్డది మన తరం.

సెలవులకి ఇంటికి పోయేవాళ్ళు చేయాల్సినవి

వ్యక్తిగా ఏం చేయగలం అని అడిగేవాళ్ళకి నా లిస్టు. ఒక్కటి కూడా ఖర్చుతో కూడింది కాదు.

1. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి, పెట్టనివ్వకండి. రిజిస్టరు వస్తే పైకి చదవండి, మన భాషలో చెప్పండి. సంతకం పెట్టే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఫొటో తీయనివ్వకపోతే అదే మీ జవాబు.

2. మీ ఊరి గ్రామసభ తీర్మానాలు సమాచార హక్కు కింద అడగండి. తెల్ల కార్డు ఉన్నవాళ్ళకి ఫీజు లేదు. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే అప్పీలు రాయండి, అక్కడే చాలామంది ఆగిపోతున్నారు.

3. మీ ఊరికి సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం ఉందా అని అడగండి. వ్యక్తిగత పట్టాకి ఫారం-ఎ, సామూహిక హక్కులకి ఫారం-బి, మొత్తం అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కుకి ఫారం-సి. మన ఊళ్ళలో అందరూ 'ఎ' దగ్గరే ఆగిపోయారు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెండా లేఖ గోండు ఊరే. 2009లో ఆ హక్కు తెచ్చుకుని, 1,800 హెక్టార్ల అడవిని తామే చూసుకుంటున్నారు, 2011 నుంచి తమ వెదురు తామే అమ్ముకుంటున్నారు. మన సరిహద్దు అవతల అయింది ఇవతల ఎందుకు కాదు?

4. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని రాసుకోండి. ఏ గుట్ట హద్దు ఎక్కడ, ఏ ఊట ఎప్పుడు ఎండుతుంది, ఏ చెట్టుకి తొర్ర ఉంది, వేలుపులు ఎక్కడ, వాటికి మన భాషలో పేర్లు. పెద్దల మాట రాసి పెడితే అది కూడా సాక్ష్యంగా చెల్లుతుందని ఆ చట్టం నియమాల్లోనే ఉంది. మా తాత పోయిన వానాకాలం పోయాడు. నా దగ్గర ఆయన మాట ఒక్క పేజీ కూడా లేదు.

5. గ్రామసభలో అడవి, వన్యప్రాణుల రక్షణ కమిటీ వేయించండి. అటవీ హక్కుల గ్రామసభకి సగం మంది రావాలి, వచ్చిన వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఇది చెల్లెళ్ళకి చెప్తున్నా: మనం లేకపోతే కోరం లేదు. మన వేలిముద్ర అంత విలువైంది కాబట్టే ఇంటిదాకా వస్తున్నారు.

6. పరివేష్ అని కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. అటవీ భూమి మళ్ళించే ప్రతిపాదనలు అందులో పెడతారు. ఇన్‌స్టా చూసే టైంలో నెలకోసారి మీ జిల్లా పేరు కొట్టి చూడండి. మన కొండల మీద పంప్డ్ స్టోరేజీ కరెంటు ప్రాజెక్టుల మాట వినపడుతోంది. సర్వే రాళ్ళు పాతాక కాదు, ముందే తెలుసుకోవాలి.

7. మొక్క కూడా నాటండి, నేను వద్దనను. మేడి, జువ్వి, మర్రి, ఇప్ప, తాని నాటండి. నీళ్ళు పోసే వాళ్ళున్న చోట నాటండి. ఫొటో మూడేళ్ళ తర్వాత పెట్టండి.

ఆఖరి మాట

నాకు ఇంకా భయంగానే ఉంది. ఆ రిజిస్టరు తెచ్చినాయన మాకు చుట్టమే అవుతాడు. దరఖాస్తు పెట్టానని తెలిసి, "చదివిస్తే ఇదా" అని మా నాన్నతో అన్నాడట. నాన్న నాకు ఫోన్ చేసి రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి నాకు చదివి చెప్పు" అన్నాడు.

దసరా సెలవులకి పోతున్నా. ఆ రెండు పేజీలు ఊరందరి ముందు కోయలో చదువుతా. నా సంతకం ఎట్లా పడిందో కూడా చెప్తా. దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని, ఆ సభ జరగనే లేదని మళ్ళీ తీర్మానం రాయాలి. ఈసారి పేజీ పైనుంచి రాస్తాం, కింద సంతకాలు. క్వారీ ఆగుతుందో లేదో తెలీదు. తాని చెట్టు ఎలాగూ రాదు. గుట్ట ఇంకా సగం ఉంది, ఆ సగం మీద ఒక జువ్వి ఉంది.

మీ ఊరి పేరు రాయనక్కర్లేదు. ఫారం-సి పెట్టారో లేదో మాత్రం కామెంట్లో చెప్పండి. పెట్టినవాళ్ళు ఎలా పెట్టారో రాస్తే మాకు పనికొస్తుంది. చట్టం విషయంలో తప్పు రాసి ఉంటే లా చదివే అన్నలు దిద్దండి, దిద్దుకుంటా.

జోహార్. జై ఆదివాసీ.